వదులు కుట్టు

హనుమక్క కుట్టిన బొంత చినిగిపోగా చూసినవాళ్లు కొత్తచెరువులో లేరు. చినిగితే చూడాలని ఆశపడినవాళ్లు మాత్రం ఉండేవాళ్లు. వాళ్లలో మొదటిది ఆమె తోడికోడలు చిన్నక్క.

పాత చీరలూ పంచెలూ పొరలుగా పేర్చి, అంచులు మడిచి, ఈ కొస నుంచి ఆ కొసకు కుట్టుకుంటూ పోతే బొంత అవుతుంది. ఈ మాత్రం ఎవరికైనా తెలుసు. కుట్టుకూ కుట్టుకూ మధ్య రాగిగింజ పట్టకూడదనీ, లాగిన దారం తంబూర తీగలా పలకాలనీ తెలిసింది హనుమక్క ఒక్కతికే. ఆమె బొంతను ఒక ఇంట్లో వేరుశనగ కాయలు మోయడానికి వాడారు. ఇసుకలో దిగబడిన ట్రాక్టరు చక్రం కింద పరిచారు. తర్వాత ఉతికి, పెండ్లిచూపులకు వచ్చినవాళ్లను దాని మీదే కూర్చోబెట్టారు. సంబంధం కుదిరింది కూడా.

కుందుర్పి నుంచి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె కుడుతూనే ఉంది. భర్త లింగప్ప వానను నమ్ముకుని వేరుశనగ వేసేవాడు. ఆమె సూదిని నమ్ముకుంది. ఇద్దరిలో ఎవరి నమ్మకం నిలిచిందన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ పైకి వేసేవాళ్లు కాదు.

గోడకు అవతల చిన్నక్క కాపురం. ఆమె కూడా బొంతలు కుట్టేది. అయితే చిన్నక్కకు నోరు ఆడితేనే చేయి ఆడేది. ఊరి సంగతులన్నీ చెప్పుకుంటూ కుట్టేది కనుక ఒక కుట్టు ఈ సంగతి దగ్గర పడితే, మరొకటి ఆ సంగతి ముగిశాక పడేది.

"దాని బొంతలో ఒక కుట్టు కాడ్నించి ఇంగో కుట్టు కాడికి పోవల్లంటే బస్సు మారల్ల" అని హనుమక్క తీర్పు.

తీర్పు తీర్పుగా ఉన్నంతకాలం పరవాలేదు. హనుమక్క కూతురు హేమావతి తొలి కాన్పుకు చిన్నక్క ఒక బొంత కుట్టి తెచ్చినప్పుడు, వచ్చిన ముత్తయిదువలందరి ముందూ హనుమక్క దాని కొసన ఉన్న దారాన్ని రెండు వేళ్లతో పట్టి లాగింది. దారం అడ్డూ ఆపూ లేకుండా మొత్తం వచ్చేసింది. బొంత మళ్లీ చీరలైంది. ముత్తయిదువలు నవ్వారు. చిన్నక్క ఆ చీరలు మడతపెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

అది మొదలు ఇద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. చెప్పుకోక తప్పని సంగతులు కోళ్లకు చెప్పుకునేవాళ్లు. "కొళాయిలో నీళ్లొచ్చినాయని కొందరికి తెలీదేమో" అని హనుమక్క తన పెట్టతో అంటే, "మాకూ చెవులుండాయిలే" అని అవతల పుంజుకు జవాబు చెప్పేది చిన్నక్క. ఏళ్లు గడిచాయి. కోళ్లు మారాయి, పద్ధతి మారలేదు.

రెండువేల ఎనిమిది చలికాలంలో ఒక మధ్యాహ్నం హనుమక్క అన్న కొడుకు దేవేంద్ర చంకలో ఒక చుట్టతో దిగాడు. రాప్తాడు దగ్గర హైవే పక్కన ఒక ఇంజనీరింగు కాలేజీలో అతను లెక్చరరు. వెంట పద్మజ అనే విద్యార్థిని ఉంది. ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. గుడ్డను చూపుతో కాకుండా వేళ్లతో చూసే అలవాటున్న పిల్ల. చుట్ట విప్పితే ఇల్లంతా తళతళలాడింది.

"ఏందప్పా ఇది? బిస్కెట్టు పొట్లాలు చింపుకొచ్చినావా?" అంది హనుమక్క.

"అట్లాంటిదే అత్తా. ఇంకా పల్చన. దీంతో నువ్వు బొంత కుట్టల్ల."

"ఎవరికి?"

దేవేంద్ర గొంతు సవరించుకున్నాడు. కాలేజీ చరిత్రలో మొదటిసారి కొంచెం గొప్ప మాట చెప్పబోతున్నవాడిలా, "ఆకాశంలోకి పోయే పెట్టెకు" అన్నాడు.

విషయం ఇదీ. పిల్లలంతా కలిసి ఒక ఉపగ్రహం చేస్తున్నారు. గొప్ప ఉపగ్రహాలు గదంత ఉంటాయి. ఇది జానెడెత్తు, జానెడు వెడల్పు. పెద్ద రాకెట్టులో ఏ మూలనో ఇంత చోటిస్తామని మాట ఇచ్చారు. పెట్టె లోపల ఒక బ్యాటరీ. ఆ బ్యాటరీ చలికి ఓర్వదు. దానికి కప్పు కావాలి. దర్జీ దగ్గరికి తీసుకుపోతే మిషను సూది పొడిచిన వరుస వెంబడి రేకు తపాలా బిళ్లలా చినిగింది. గమ్ముతో అతికిద్దామంటే, గాలి లేని చోట గమ్ము ఆవిర్లు కక్కి కెమెరా కంటికి పొర కప్పుతుందట. చేతికుట్టు తప్ప దారి లేదు. జిల్లాలో చేతికుట్టు అంటే ఎవరో దేవేంద్రకు చిన్ననాటి నుంచీ తెలుసు.

హనుమక్క పొంగిపోలేదు. ఆమెకు ముందు అర్థం కావాలి.

"సూర్యునికాడికి పోయేదానికి బొంతెందుకప్పా? గొడుగియ్యి."

"ఆడ ఎండా ఎక్కువే, సలీ ఎక్కువే అత్తా. గంట సేపు ఎండ, అరగంట చీకటి. మళ్లా ఎండ, మళ్లా చీకటి. ఒక దినానికి పద్నాలుగు పదైదు పగళ్లొస్తాయి."

"అన్ని పగళ్లొస్తే కూలీ ఎన్నిసార్లిస్తారో" అని గొణిగి, మళ్లీ అసలు సంగతికి వచ్చింది. "గాలి ల్యాదంటివి గదా. గాలి ల్యాకుండా సలి ఎట్లొస్తాది?"

"సలి రాదత్తా. లోపలున్న వేడే బయటికి పోతాది."

"ఏమెక్కి పోతాది? ఈడైతే గాలి మోసుకుపోతాది. ఆడ మోసేవాడే లేకపాయె."

దేవేంద్ర ఈ అంశం మీద మూడేళ్లుగా పాఠం చెబుతున్నాడు. పాఠంలో అన్నిటికీ ఇంగ్లీషు పేర్లున్నాయి. ఇంగ్లీషు పేరు చెబితే అర్థమైనట్టు తలాడించే అలవాటు పిల్లలకుంది, హనుమక్కకు లేదు. అతను వంటింటి వైపు చూశాడు.

"పొయ్యికాడ దూరంగా కూచున్నా మొగానికి ఏందో కొడతాది సూడు..."

"సెగ."

"అదే! ఆ సెగ గాలిని అడుక్కోదు. దానంతట అదే పోతాది. ఈ తళతళలాడే రేకు ఆ సెగను అద్దం మాదిరి ఎనక్కి కొడతాది. పొర మీద పొర, పొర మీద పొర. మధ్యలో ఈ వలగుడ్డ."

ఆ సాయంత్రం హనుమక్క అడిగినన్ని ప్రశ్నలు పిల్లలు ఏడాదంతా అడగలేదు. పెద్ద ఉపగ్రహాలకు లేని బాధ దీనికెందుకు అంది. పద్మజ జవాబు చెప్పింది. "పెద్దమ్మా, అవి మట్టిమిద్దె మాదిరి. తొందరగా కాగవు, తొందరగా ఆరవు. ఇది రేకుల కొట్టం." ఇంకేమీ చెప్పనక్కర లేకపోయింది. రేకుల కొట్టంలో ఒక్క వేసవి గడిపినవాళ్లకు ఆ శాస్త్రంలో పట్టా ఇచ్చేయవచ్చు. మరి పెట్టె పైన కూడా తళతళ రేకే వేస్తే ఎండకు చల్లగా ఉండదా అంది. ఎండలో పెట్టిన స్టీలు బిందెను ముట్టుకున్నావా అని పద్మజ అడిగింది. "మెరిసేది వేడిని కొంచెమే రానిస్తాది, వచ్చిందాన్ని మాత్రం అసలు పోనీదు."

"మా అత్త బీరువా" అంది హనుమక్క వెంటనే. ఆ మాటతో ఉష్ణశాస్త్రం కొత్తచెరువులో వేళ్లూనుకుంది.

పని మొదలుపెట్టే ముందు ఆమె ఒక్కటే అడిగింది. "ఎట్లుండల్ల కుట్టు?"

"రాకెట్టు అదురుతాది అత్తా. ఊడకూడదు" అన్నాడు దేవేంద్ర.

ఈ జవాబులో సగమే ఉందని తర్వాత తేలింది.

హనుమక్క మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా కుట్టింది. పెట్టకు కూడా ఏమీ చెప్పలేదు. పూర్తయిన బొంత అరచేయంత ఉంది. పొరలన్నీ బిగుసుకుని అట్టముక్కలా నిలబడింది. గోటితో మీటితే శబ్దం వచ్చింది. పద్మజ దాన్ని వేళ్లతో నొక్కి చూసి ఏదో అనబోయింది. సారు మురిసిపోతుంటే పిల్ల మాట్లాడటం మర్యాద కాదని ఊరుకుంది. బెంగళూరులో ఒక పరీక్షశాలలో గాలి తోడేసి చలి పుట్టించే పెద్ద డ్రమ్ము ఉందనీ, అందులో పెట్టి చూస్తారనీ చెప్పి తీసుకుపోయారు. ఆ వారం రోజులూ హనుమక్క కొళాయి దగ్గర కాస్త నెమ్మదిగా బిందె నింపుకుంది, అడిగేవాళ్లకు అడిగే అవకాశం ఇద్దామని. ఆమె బొంత ఆకాశానికి పోతోందని కొత్తచెరువంతా తెలిసింది. గోడ అవతలి పుంజుకు కూడా.

తిరిగొచ్చిన దేవేంద్ర ముందు కాఫీ బాగుందన్నాడు. తర్వాత పెట్ట బలిసిందన్నాడు. లింగప్ప మామకు మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. మేనల్లుడు ఇంత మర్యాదగా ఉన్నాడంటే ఎవరో పోయారని హనుమక్క అనుకుంది.

"పెద్దమ్మా, బ్యాటరీ సలికి బిగుసుకుపాయె" అంది పద్మజ ఇక ఆగలేక. "నీ కుట్టు ఎక్కువైంది."

'ఎక్కువ కుట్టు' అనే మాట హనుమక్క పుట్టి ఎరగదు. 'ఎక్కువ వాన' అన్నట్టే, ఆ ప్రాంతంలో వాడుకలో లేని మాట అది.

"ఎక్కువైతే మంచిదే గదా!"

"ఒక్కో కుట్టు ఒక్కో నిచ్చెన పెద్దమ్మా. సెగ రేకును దాటలేదు. కానీ నువ్వు గట్టిగా లాగితే పొరా పొరా తగులుకుంటాయి. ఇంగ దానికి సెగతో పనేముంది, ఒకదాన్నించి ఒకదానికి నడిచే పోతాది వేడి. పెద్ద బొంతైతే నాలుగు కుట్లు ఎక్కువైనా తెలీదు. ఇంత చిన్నదానికి బొంత కంటే కుట్లే ఎక్కువైనాయి. పొరల మధ్య సందు ఉండల్ల."

"సందులో ఏముండల్ల?"

"ఏమీ ఉండకూడదు."

హనుమక్క కాసేపు ఆలోచించింది. "అంటే ఏమీ లేనిదాన్ని కుట్టల్లనా?"

"అంతే" అన్నాడు దేవేంద్ర దీనంగా. అసలు తప్పు అతనిదే. ఊడకూడదని చెప్పాడు కానీ బిగుసుకోకూడదని చెప్పలేదు. ఇప్పుడు మిగిలిన రేకు ఒక్క బొంతకే వస్తుంది. ఇంకొక్కసారే డ్రమ్ము ఇస్తామన్నారు. అదీ పోతే రాకెట్టులో ఆ మూల చోటు మరో కాలేజీకి పోతుంది. ఇదంతా దేవేంద్ర బాధ. హనుమక్క బాధ వేరే. ఆ పెట్టె నేల మీదే ఉండిపోతే, ఎందుకు ఉండిపోయిందని ఎవరు అడిగినా కొత్తచెరువు చెప్పబోయే జవాబు ఒక్కటే: హనుమక్క కుట్టు.

ఆమె పాత పేపర్ల మీద వదులుగా కుట్టడం సాధన చేసింది. మొదటి రెండు కుట్లూ బుద్ధిగా దూరంగా పడ్డాయి. మూడోదానికి వేళ్లు దగ్గరికి జరిగాయి. నాలుగోదానికి దారం లాగాయి. ఆమె చేతిని తిట్టింది. చేయి వినలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆమె నేర్పిన పాఠాన్నే అది ఆమెకు తిరిగి అప్పజెబుతోంది.

పేపర్లు విసిరికొట్టి హనుమక్క అంది: "ఇట్లాంటి పాడు కుట్టు కుట్టల్లంటే ఆ చిన్నక్క వల్లనే అయితాది!"

అని, తను అన్నది తనే విని, ఆగిపోయింది. దేవేంద్ర కూడా విన్నాడు. పద్మజ గోడ వైపు చూసింది. చివరికి హనుమక్క లేచి, చెంగు సర్దుకుని, దొడ్లోకి నడిచి, గోడ మీదున్న పెట్టను పక్కకు తోసింది. పక్కకు తోయడమంటే, ఇక మధ్యవర్తి అక్కర్లేదని అర్థం.

"చిన్నక్కా."

అవతల చీపురు చప్పుడు ఆగింది.

"ఏమక్కా" అంది చిన్నక్క. మాట పొడిగా ఉంది, అయినా వచ్చింది.

"నీ కుట్టు కావల్ల."

"నగుతాండావా?"

"నగేదాని మొగమా ఇది? సూడు."

చిన్నక్క గోడ మీదుగా చూసింది. ఆ మొహం నవ్వేది కాదని ఒప్పుకుంది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చిన్నక్క ఈ పనికి తలంటి పోసుకుని వచ్చింది. ఉతికిన చీర కట్టింది. కళ్లద్దాలు తుడుచుకుంది. ఆకాశానికి పోయే కుట్టు, అదీ తోడికోడలు అడిగిన కుట్టు. జన్మలో మొదటిసారి నోరు బిగబట్టి, కుట్టు పక్కన కుట్టు, రాగిగింజ పట్టకుండా మొదలుపెట్టింది. అచ్చం హనుమక్క కుట్టు. పద్మజ దేవేంద్ర చెవిలో ఏదో చెప్పింది. దేవేంద్ర "చిన్నత్తా, కొంచెం దూరం దూరంగా..." అన్నాడు.

"నాకు చెప్తాండావా? నేనూ బాగ కుట్టగలను" అంది చిన్నక్క. దారం ఇంకాస్త బిగిసింది.

హనుమక్కకు తెలుసు ఏం జరుగుతోందో. చిన్నక్క మాట్లాడటం లేదు. మాట్లాడితే తప్ప ఆ చేయి పాడవదు. మాట్లాడించాలి. దేని గురించి? వాన గురించి చెబితే రెండు మాటల్లో ముగుస్తుంది, ఆ ఊళ్లో వాన సంగతి అంతే. ఎంత తవ్వినా తరగని గని చిన్నక్క దగ్గర ఒక్కటే ఉంది. హనుమక్క ఊపిరి పీల్చుకుని దాని మూత తానే తీసింది.

"చిన్నక్కా, ఆ పొద్దు నీ బొంత దారం లాగితి గదా. నీకు కోపమొచ్చిందా?"

సూది గాల్లో ఆగింది.

"కోపమా?" అంది చిన్నక్క. "కోపమంటాండావా అక్కా? ఎనిమిది చీరలు! మా యమ్మ చీర ఉండె దాంట్లో. నీ బిడ్డ బిడ్డకని మెత్తటియి ఏరి ఏరి ఏస్తి. అంతమంది ముందర కోడి పేగు లాగినట్టు లాగితివి..."

కుట్టు పడింది. దూరంగా, వదులుగా, ఎంతో అందంగా. పద్మజ మోకాలు గిల్లుకుంది.

గని పొరలు పొరలుగా బయటపడింది. తన పెండ్లి నాడు హనుమక్క నీళ్ల పప్పు వడ్డించడం. మామ పోయినప్పుడు ఏడ్చింది చాలదనడం. మరుగుదొడ్డి గోడను అర మూర ఇటు జరిపి కట్టించడం. హనుమక్క ఓర్చుకుంది. పప్పు సంగతి దగ్గర మాత్రం ఓర్వలేక, "ఆ పప్పు వండింది నేను కాదు..." అంది. అంతే, దారం కిర్రుమని బిగిసింది. ఆ ఒక్క కుట్టూ పద్మజ చిన్న కత్తెరతో విప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి హనుమక్క పెదవులు కరిచిపట్టుకుని కూర్చుంది. న్యాయం తన వైపున్నా నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ మధ్యాహ్నం ఆమెకు తెలిసింది. ఉపగ్రహాలు ఎగరడానికి జనం ఏమేం త్యాగం చేస్తారో ఏ పాఠంలోనూ రాయరు.

చివరి అంచు దగ్గరికి వచ్చాక చిన్నక్క గొంతు తగ్గింది. ఆమెకు ఇప్పుడు కోపం లేదు. అలవాటు కొద్దీ చెబుతోంది.

"నా కుట్టు పాడుదే అక్కా. నాకు తెలీదా? కానీ సలికాలంలో మీ హేమ యాడ పండుకునేది? పిల్లప్పుడు?"

"మీ ఇంట్లో. మీ పిల్లోళ్లతో ఆట..."

"ఆట కాదు. 'పిన్నమ్మా, మా యమ్మ బొంత కప్పుకుంటే బండ కప్పుకున్నట్టు ఉంటాది, సల్లగా' అని నా బొంతలోకి దూరేది. నీకు చెప్పద్దని ఒట్టేపిచ్చుకునె."

హనుమక్క నోరు తెరిచింది. పద్మజ సూది వైపు చూసింది. హనుమక్క నోరు మూసుకుంది.

చివరి కుట్టు పడింది. ఊడకుండా కొసన ముడి మాత్రం హనుమక్క వేసింది.

ఆ బొంత చూడటానికి దరిద్రంగా ఉంది. పొరలు ఉబ్బి, అక్కడక్కడా నాలుగు కుట్లతో, ఎవరో నిద్రలో కుట్టినట్టు ఉంది. బెంగళూరు డ్రమ్ములో దాన్ని చుట్టుకున్న బ్యాటరీ చీకటి గడిచేదాకా వెచ్చగా కూర్చుంది. దేవేంద్ర సెల్లులో ఆ కబురు చెప్పాడు. కాలేజీ వాళ్లు పేపరుకిచ్చిన ప్రకటనలో దాన్ని 'బహుపొరల ఉష్ణనిరోధక కవచం' అన్నారు. కాబట్టి అది బొంత అని ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. పెట్టె రాకెట్టు కోసం తన వంతు వచ్చేదాకా కాలేజీ బీరువాలో ఉంది. ఆకాశం కంటే ముందు బీరువాలో ఎన్నాళ్లు ఉండాలో ఎవరూ చెప్పలేదు.

హనుమక్క మాత్రం ఒక ఉదయం హేమావతికి ఫోను చేసింది.

"హేమా, నా బొంత సల్లగుంటాదా?"

అవతల కూతురు "గట్టిగుంటాది మా" అంది.

ఆమె ఫోను పెట్టేసి, ట్రంకు పెట్టెలోంచి తన మేలైన బొంత ఒకటి తీసింది. ట్రాక్టరు చక్రాన్ని మోసింది కాదు, దానికి చెల్లెలు. దొడ్లో ఎండలో పరిచి, కత్తెరతో ఒకటి విడిచి ఒకటి కుట్టు కోయసాగింది. కత్తెర దిగినప్పుడల్లా దారం 'టింగు'మని తెగింది. పొరలు కొంచెం కొంచెంగా ఊపిరి తీసుకున్నాయి. తర్వాత కొత్త దారం ఎక్కించి దూరంగా కుట్టబోయింది. మూడో కుట్టుకు వేళ్లు దగ్గరికి జరిగాయి.

గోడ మీద చిన్నక్క తల కనిపించింది. పక్కనే పుంజు ఉంది. చిన్నక్క అలవాటు కొద్దీ దాని వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగింది.

"ఏమక్కా, ఊడదీస్తాండావా?"

"సందు పెడతాండా. చేయి మాట ఇంటాండ్ల్యా" అంది హనుమక్క. "నువ్వొచ్చి ఈడ కూచో. ఏమన్నా చెప్పు. ఇంటా ఉంటే నా చేయన్నా యామారుతాదేమో."

"ఏం చెప్పల్ల? నీ తప్పులన్నీ ఆ పొద్దే చెప్తి గదా."

"అయిపోయినాయా అన్నీ?"

చిన్నక్క గోడ చుట్టూ తిరిగి వచ్చి, బొంత అంచు మడిచి ఒడిలో పెట్టుకుని, నిమ్మళంగా కూర్చుంది.

"ఉండాయిలే" అంది. "మరుగుదొడ్డి గోడ కాడ ఆపితి గదా..."

హనుమక్క చేతిలో నాలుగో కుట్టు దూరంగా పడింది.